కీళ్లనొప్పులతో వచ్చిన బిడ్డకు మొదటి మూడు రోజులు: వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు,
వారి ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యాధికారులకు, గురుకుల హాస్టళ్ల నర్సులకు

నమస్కారం.

గొంతునొప్పి తర్వాత కీళ్లనూ గుండెనూ పట్టే రుమాటిక్ జ్వరంతో గుండె కవాటం పాడైన వాళ్లకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్లు జరుగుతున్నాయి. కవాటం మార్చడం, పూడుకుపోయిన కవాటాన్ని బెలూన్‌తో వెడల్పు చేయడం ఖరీదైన పనులే. అయినా పేదవాడికి అందుతున్నాయి. అదే జబ్బు అంతకు పదేళ్ల ముందు మోకాలి వాపుగానో చీలమండ నొప్పిగానో పీహెచ్‌సీ గడప తొక్కిన రోజున దొరుకుతుందా లేదా అన్నది మాత్రం ఆ పూట ఓపీలో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటోంది. కొన్నిచోట్ల అసలు అనుమానమే రాదు. ఇంకొన్నిచోట్ల లేని జబ్బును రక్తపరీక్ష కాగితం చూసి అంటగడుతున్నారు. ఈ రెండో తప్పు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి ముందు దాని సంగతే రాస్తాం.

మేం అడిగేది ఒక పేజీ ఉత్తర్వు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలు జ్వరం, కీళ్లనొప్పులతో వస్తే మొదటి మూడు రోజుల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది అందులో ఉండాలి. ఆ పేజీలోకి ఏవి రావాలో, ఎందుకు రావాలో చెప్పడానికే ఈ లేఖ.

ఏఎస్‌ఓ టైటర్ అనే పరీక్ష చెప్పేదల్లా ఈ పిల్లకు ఈ మధ్య గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా సోకింది అని. రుమాటిక్ జ్వరం ఉందనీ చెప్పదు, లేదనీ చెప్పదు. బడికెళ్లే పిల్లలకు ఆ క్రిమి తగులుతూనే ఉంటుంది. ల్యాబు కాగితం మీద '200 లోపు ఉండాలి' అని అచ్చయ్యే హద్దు పెద్దవాళ్లది. బడి పిల్లల్లో ఏ జబ్బూ లేకుండానే 300 దాకా వచ్చినా వింత కాదు. అయినా కాళ్లు నొప్పులన్న పిల్లకు ఏఎస్‌ఓ రాసి, 400 వచ్చిందని చూపించి, జబ్బు తిరగబెట్టకుండా వేసే పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టేస్తారు. రాత్రి పిక్కలు పీకుతున్నాయని ఏడ్చి, తెల్లారేసరికి గంతులేసే పిల్లవాడివి ఎదిగే వయసు నొప్పులు. వాడికి ఆ పరీక్షే అక్కర్లేదు. మరో విచిత్రం, పేర్లు దగ్గరగా ఉన్నాయని రుమాటిక్ జ్వరానికి 'ఆర్‌ఏ ఫ్యాక్టర్' పంపడం. అది రుమటాయిడ్ కీళ్లవాతానికి చేసేది. ఈ జబ్బు తేల్చడంలో దాని పాత్ర సున్నా.

దీనివల్ల పోయేదేముంది అనుకోవద్దు. 21 రోజులకు ఒక సూది అంటే ఏడాదికి 17. పదేళ్ల పిల్లకు గుండె దెబ్బతిందని పొరపాటున రాస్తే 25 ఏళ్లు నిండేదాకా దాదాపు 260 సూదులు. ఆపై 'గుండెజబ్బు పిల్ల' అన్న ముద్ర, ఆటలకు దూరం, పెళ్లి సంబంధాల దగ్గర గుసగుసలు.

ఇటు చూస్తే, నిజంగా రుమాటిక్ జ్వరం వచ్చినవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఏఎస్‌ఓ పెరగదు. క్రిమి సోకిన వారం తర్వాత పెరగడం మొదలై, 3 నుంచి 6 వారాల మధ్య శిఖరానికి చేరి దిగిపోతుంది. తొందరగా తీసినా, ఆలస్యంగా తీసినా 'నార్మల్' రావచ్చు. అనుమానం గట్టిగా ఉంటే రెండు వారాల తర్వాత మళ్లీ రక్తం పంపి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. లేదా అదే క్రిమి సోకిన జాడ చూపే మరో రక్తపరీక్ష యాంటీ డీఎన్ఏస్-బి చేయించాలి, అది 6 నుంచి 8 వారాల దాకా పెరుగుతుంది. గొంతు స్వాబ్ తీయాల్సిందే గానీ, కీళ్లు వాచే వేళకు క్రిమి పోయి ఉంటుంది కాబట్టి ఎక్కువమందిలో నెగెటివ్ వస్తుంది. అందుకే మా మొదటి కోరిక: ఏఎస్‌ఓ ఒక్కదాన్నే రాసే పద్ధతి ఆపించండి. పరీక్ష కోరే ఫారంలో కీళ్లు, గుండె చప్పుడు, జ్వరం ఎంత, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆపై ఈసీజీ అనే గళ్లు పెట్టండి. అవి నింపనిదే ఏఎస్‌ఓ నమూనా ల్యాబుకు పోకూడదు.

ఇక జబ్బు నడక. గొంతులో క్రిమి మీద పోరాడటానికి ఒంట్లో తయారైన రక్షణ బలగం, ఆ క్రిమి పైపొరను పోలిన కణజాలాన్ని చూసి పొరబడి సొంత ఒంటి మీదే పడుతుంది. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు ఇది బయటపడుతుంది. కీళ్లు మచ్చ లేకుండా బాగుపడతాయి. కవాటాలు అలా కాదు, ముఖ్యంగా గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ముడుచుకుపోయి అతుక్కుపోతుంది. మళ్లీ గొంతునొప్పి వచ్చి మళ్లీ జబ్బు తిరగబెడితే ఉన్న గాయం మీదే ఇంకో గాయం. కనీసం మూడోవంతు మందికి ముందు గొంతునొప్పి వచ్చిన సంగతే గుర్తుండదు. కాబట్టి 'గొంతునొప్పి రాలేదన్నారు' అని కేస్‌షీట్‌లో రాసి పక్కన పెట్టేయకండి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. రుమాటిక్ జ్వరపు కీళ్లనొప్పి ఒక తీరుగా నడుస్తుంది. మోకాలు వాచి, ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. రెండు మూడు రోజులకు అది సర్దుకుంటుండగా చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి, మణికట్టు. ఈ నడకే రోగనిర్ధారణలో సగం. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటి మందు పడితే ఈ నడక మొదటి కీలు దగ్గరే ఆగిపోతుంది. పల్లెల్లో ఆర్‌ఎంపీ ఇచ్చే స్టెరాయిడ్ సూది పడితే వాపు, జ్వరం, ఈఎస్‌ఆర్ అన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. పిల్ల బాగయిందనుకుంటారు. గుండె పని మాత్రం లోపల జరుగుతూనే ఉండవచ్చు. అందుకే ఉత్తర్వులో మొదటి వాక్యం ఇది కావాలి: జబ్బేమిటో తేలేదాకా పారాసెటమాల్ మాత్రమే, కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున 6 గంటలకోసారి. పిల్లను మూడు రోజులు వరసగా చూడాలి. ఏ రోజు ఏ కీలు వాచిందో బొమ్మ మీద గుర్తు పెట్టాలి. జ్వరం అంకెల్లో రాయాలి, 'జ్వరం ఉంది' అంటే చాలదు. ఇంతకుముందే మందు పడిపోయి ఉంటే దాని పేరు, వేసిన తేదీ రాసుకోవాలి. ఈఎస్‌ఆర్ తక్కువ వచ్చినప్పుడు ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

జబ్బు తేలాక నాప్రాక్సెన్ లేదా ఆస్పిరిన్ మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది. పోలేదంటే మీరనుకున్న జబ్బు అది కాకపోవచ్చు, మళ్లీ ఆలోచించండి.

ఆ మళ్లీ ఆలోచించడంలో మన నేలకు తగినవి కొన్నున్నాయి. చికున్‌గున్యా కీళ్లను పట్టేస్తుంది గానీ ఒకటి వదిలి ఒకటి పట్టుకోదు, ఊళ్లో ఇంకా పదిమందికి ఉంటుంది. ఉట్నూరు, పాడేరు, భద్రాచలం ఏజెన్సీ పిల్లల్లో సికిల్ సెల్ పరీక్ష చేయకుండా కీళ్లనొప్పికి పేరు పెట్టకూడదు. ఒకే కీలు వాచి, కాలు కదపనివ్వకపోతే అది చీము పట్టిన కీలు అనుకునే ముందుకు పోవాలి. సూదితో నీరు తీసి చూడాల్సిందే, రుమాటిక్ జ్వరం సంగతి తర్వాత. వాపు పెద్దగా లేకుండా ఎముకలు తొలిచేసే నొప్పి, రాత్రుళ్లు లేపే నొప్పి, పాలిపోయిన ముఖం, తక్కువ ప్లేట్‌లెట్లు ఉంటే రక్త క్యాన్సర్‌ను మనసులో పెట్టుకుని స్మియర్ (గాజుపలక మీద పరిచిన రక్తపు చుక్క) మైక్రోస్కోపులో చూడాలి. అలాంటి పిల్లకు తొందరపడి స్టెరాయిడ్ ఇస్తే ఆ జబ్బు నిర్ధారణ కూడా కప్పబడిపోతుంది.

రుమాటిక్ జ్వరం అని తేల్చడానికి లక్షణాలను లెక్కకట్టే పద్ధతి 1944లో డాక్టర్ డకెట్ జోన్స్ పెట్టినది. దాన్ని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2015లో తిరగరాసింది. చాలామంది చదువుకున్నది పాత పట్టిక. 2015లో వచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే, జబ్బు తక్కువగా ఉన్న సమాజాలకు ఒక కొలత, ఎక్కువగా ఉన్న సమాజాలకు మరో కొలత. బడి వయసు పిల్లల్లో లక్షకు ఏడాదికి ఇద్దరికి మించి ఈ జ్వరం వస్తుంటే, లేదా అన్ని వయసుల్లో కలిపి వెయ్యిమందిలో ఒకరికి మించి రుమాటిక్ గుండెజబ్బు ఉంటే రెండో కొలతే వాడాలి. మన ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే పిల్లలకు, హాస్టల్ పిల్లలకు రెండోదే. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లవాడికి మొదటిది, అది వేరే సంగతి.

రెండో కొలతలో పెద్ద లక్షణాలు అయిదు: గుండెవాపు, కీళ్లవాపు, కొరియా (ఒంటి మీద అదుపు లేని కదలికలు), చర్మం మీద అంచులు ఎర్రబడ్డ వలయాలు, చర్మం కింద గట్టి బొడిపెలు. కీళ్ల విషయంలో ఒక్క కీలు వాచినా పెద్ద లక్షణమే. ఇతర కారణాలు లేవని తేల్చుకున్నాక, వాపు లేకుండా పలు కీళ్లు నొప్పి పెట్టినా పెద్ద లక్షణమే. చిన్న లక్షణాలు: ఒకే కీలు నొప్పి, 38.0 సెల్సియస్ అంటే 100.4 ఫారన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, మొదటి గంటలో 30 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన ఈఎస్‌ఆర్ లేదా పెరిగిన సీఆర్‌పీ (ఈ రెండూ కలిపి ఒకే లక్షణం), ఈసీజీలో వయసుకు మించి సాగిన పీఆర్ (గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం చేరే సమయం). మొదటిసారికి రెండు పెద్దవి, లేదా ఒక పెద్దది రెండు చిన్నవి కావాలి. ఇంతకుముందు జబ్బు వచ్చిన పిల్లకు మూడు చిన్నవి ఉన్నా తిరగబెట్టినట్టే లెక్క. వీటితోపాటు స్ట్రెప్ సోకిందన్న రుజువు కావాలి. ఏఎస్‌ఓ చోటు ఇక్కడ.

తేడా ఎంతో చూడండి. తొమ్మిదేళ్ల పిల్లకు నాలుగైదు కీళ్లు నొప్పి, వాపు లేదు. జ్వరం 38.2. ఈఎస్‌ఆర్ 45. ఏఎస్‌ఓ పెరుగుతోంది. మన కొలతలో ఒక పెద్దది, రెండు చిన్నవి, కాబట్టి రుమాటిక్ జ్వరమే. మొదటి కొలతలో జ్వరానికి హద్దు 38.5, ఈఎస్‌ఆర్‌కు 60, వాపు లేని నొప్పి చిన్న లక్షణం మాత్రమే. ఆ పట్టిక పట్టుకుంటే ఇదే పిల్ల 'ఏమీ లేదు' అని ఇంటికి పోతుంది.

రెండుసార్లు లెక్కించే పొరపాటు కూడా తరచుగా కనిపిస్తుంది. కీళ్లవాపును పెద్ద లక్షణంగా తీసుకుంటే కీళ్లనొప్పిని చిన్న లక్షణంగా మళ్లీ కలపకూడదు. గుండెవాపును తీసుకుంటే సాగిన పీఆర్‌ను కలపకూడదు.

సీఆర్‌పీ దగ్గర ఒక గుంట ఉంది. హద్దు డెసిలీటరుకు 3.0 మిల్లీగ్రాములు. మన ల్యాబులు ఎక్కువగా లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాస్తాయి, అప్పుడు హద్దు 30 అవుతుంది. కాగితం మీద 12 అని వచ్చి దాని పక్కన ఎర్ర గుర్తు ఉన్నంత మాత్రాన చిన్న లక్షణం దొరికినట్టు కాదు. 3 అంటే లీటరుకు మూడా, డెసిలీటరుకు మూడా చూడకుండా రాసేస్తే తారుమారే. ఈఎస్‌ఆర్‌కు ఇంకో గొడవ: రక్తహీనత ఉన్న పిల్లలో అది ఊరికే పెరుగుతుంది, మన పిల్లల్లో ఎంతమందికి రక్తం తక్కువో మీకు తెలియనిది కాదు. గుండె నీరసించి నీరు పట్టిన పిల్లలో తగ్గిపోయి కనిపిస్తుంది. రెండూ పంపండి, కుదరకపోతే సీఆర్‌పీ పంపండి.

ఈసీజీ పీహెచ్‌సీలోనే తీయవచ్చు, చదవడమూ కష్టం కాదు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడిస్తే ఒక చిన్న గడి 0.04 సెకను. 3 నుంచి 11 ఏళ్ల దాకా పీఆర్ హద్దు 0.16 సెకను, అంటే నాలుగు చిన్న గళ్లు. 12 నుంచి 16 ఏళ్ల వారికి 0.18, నాలుగున్నర గళ్లు. అయిదు గళ్లు పెద్దవాళ్లకు. పదేళ్ల పిల్ల ఈసీజీలో అయిదు గళ్లు వస్తే 'నార్మల్' అని రాసేవాళ్లున్నారు, పెద్దవాళ్ల హద్దు తలలో ఉండిపోవడం వల్ల. మిషన్‌లో వయసు నమోదు చేయకపోతే అది కూడా అలాగే చెబుతుంది. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ తీస్తే పీఆర్ కుదించుకుందంటే మొదటిసారి సాగింది జబ్బు వల్లేనని అర్థం.

గుండె చప్పుడు వినేటప్పుడు పిల్లను ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి, గుండె కొస దగ్గర, అక్కడి నుంచి చంక దాకా వినాలి. మొదటి శబ్దం నుంచి రెండో శబ్దం దాకా ఎడతెగకుండా ఊదినట్టుండే చప్పుడు మైట్రల్ కవాటం కారుతోందని చెబుతుంది. తర్వాత కూర్చోబెట్టి ముందుకు వంచి, ఊపిరి వదిలి బిగబట్టమని, ఎడమ వైపు రొమ్ము ఎముక అంచున వినాలి. గుండె నుంచి పెద్ద ధమనిలోకి తెరుచుకునే అయోర్టిక్ కవాటం కారే సన్నని చప్పుడు అలాగే దొరుకుతుంది. నిద్రలో నాడి చూడండి. జ్వరం లేకుండా నిద్రలో కూడా గుండె పరుగెడుతుంటే అనుమానించాలి. అయితే చెవికి దొరకని గుండెవాపు ఉంటుందని 2015 కొలత ఒప్పుకుంది. కాబట్టి రుమాటిక్ జ్వరం అనుమానం వచ్చిన ప్రతి పిల్లకూ ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి, చప్పుడు వినపడినా వినపడకపోయినా. మొదటి ఎకో బాగుంటే 2 నుంచి 4 వారాలకు మరోసారి.

ఎకో చేసేవాళ్లకు ఒక మాట. ఏ జబ్బూ లేని పిల్లల్లోనూ మైట్రల్ దగ్గర కాస్త రక్తం వెనక్కి కారుతుంది. 'ట్రివియల్ ఎంఆర్' (మైట్రల్ కాస్త కారుతోంది) అని రాస్తే కింద ఉన్న డాక్టరు దాన్ని గుండెవాపు అనుకుంటాడు. మైట్రల్ అయితే నాలుగూ ఉండాలి: రెండు కోణాల్లో కనిపించాలి, కనీసం ఒక కోణంలో ధార పొడవు 2 సెంటీమీటర్లు ఉండాలి, వేగం సెకనుకు 3 మీటర్లు దాటాలి, సిస్టోలీ (గుండె ముడుచుకునే సమయం) అంతటా సాగాలి. అయోర్టిక్‌కు పొడవు 1 సెంటీమీటరు చాలు. మిగతావి అలాగే, డయాస్టోలీ (గుండె వదులయ్యే సమయం) అంతటా సాగాలి. రిపోర్టులో ఈ నాలుగు అంకెలూ రాస్తే చాలు, అభిప్రాయం రాయకపోయినా ఫరవాలేదు.

కొరియా సంగతి హాస్టల్ నర్సులు, వార్డెన్లు చదవాలి. ఎక్కువగా ఆడపిల్లలకు, గొంతునొప్పి వచ్చిన ఆరు నెలల లోపు ఎప్పుడైనా వస్తుంది. చేతిలో గ్లాసు జారిపోతుంది, నిన్నటిదాకా గుండ్రంగా ఉన్న చేతిరాత వంకర్లు పోతుంది, ముఖం దానంతటదే వెక్కిరించినట్టు కదులుతుంది, ఊరికే ఏడుపొస్తుంది. నిద్రపోతే అన్నీ ఆగిపోతాయి. అల్లరి అని దండిస్తారు, గాలి సోకిందని తాయెత్తు కడతారు. మీ రెండు వేళ్లిచ్చి గట్టిగా పట్టుకోమనండి. పట్టు బిగుస్తూ వదులవుతూ పాలు పిండుతున్నట్టుంటుంది. నాలుక బయటపెట్టి ఉంచమంటే ఉంచలేదు, లోపలికి లాగేసుకుంటుంది. అప్పటికి ఏఎస్‌ఓ, ఈఎస్‌ఆర్ రెండూ మామూలుకు వచ్చేసి ఉంటాయి. ఇతర కారణాలు లేవని తేలితే కొరియా ఒక్కటే చాలు, స్ట్రెప్ రుజువు అక్కర్లేదు. ఎకో మాత్రం తప్పనిసరి.

చర్మపు వలయాలు, బొడిపెలు అరుదు. నల్లని ఒంటి మీద వలయాలు కనపడవు. బొడిపెలు చూడకండి, తడమండి: మోచెయ్యి వెనక, మణికట్టు, మోకాలి చిప్ప, తల వెనక, వెన్ను గుబ్బల మీద.

ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పథకం కింద బడి పిల్లలకు చేసే పరీక్షల్లో రుమాటిక్ గుండెజబ్బు ఉందని మీరు అనవచ్చు. ఉంది. కానీ బృందం బడికి వచ్చేది ఏడాదికోసారి. కీళ్లజ్వరం ఉండేది కొన్ని వారాలు. బృందానికి దొరికేది కవాటం చెడ్డ పిల్లే తప్ప జ్వరం వచ్చిన పిల్ల కాదు. ఒకే గదిలో చాలామంది పడుకునే హాస్టళ్లలో ఈ క్రిమి సులువుగా పాకుతుంది, కాబట్టి ఆ పేజీ హాస్టల్ నర్సు గది గోడ మీద ఉండాలి. గొంతునొప్పి దశలోనే, మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ పడితే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపవచ్చు. బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క సూది, లేదా అమాక్సిసిలిన్ పూర్తి 10 రోజులు. మూడు రోజుల అజిత్రోమైసిన్ అలవాటు మానాలి. ఆ మందుకు లొంగని స్ట్రెప్ ఉంది, పెన్సిలిన్‌కు లొంగనిది ఇంతవరకూ లేదు.

తేల్చలేకపోతే ఏం చేయాలన్నది కూడా రాయండి. లెక్క పూర్తిగా కుదరదు, అనుమానం మాత్రం పోదు. అలాంటి పిల్లకు 12 నెలలు సూదులు వేసి, మళ్లీ పరీక్షించి, ఎకో తీసి, ఏమీ లేదంటే ఆపేయాలి. ఆపే తేదీ లేకుండా మొదలుపెట్టొద్దు. తేలినవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత లెక్క ఇది: గుండె పట్టకపోతే 5 ఏళ్లు లేదా 18 ఏళ్ల వయసు దాకా, తేలికగా పట్టి ఉంటే 10 ఏళ్లు లేదా 25 ఏళ్ల దాకా, ఏది ఎక్కువైతే అది. కవాటం తీవ్రంగా చెడితే జీవితాంతం. 27 కిలోలు దాటిన పిల్లలకు 12 లక్షల యూనిట్లు, 21 రోజులకోసారి.

సూది వేయడానికి ఆసుపత్రులే భయపడి పంపించేస్తున్నాయి. 1991లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో 1,790 మందికి 32,430 సూదులు పడ్డాయి. ప్రాణం మీదికొచ్చే అలర్జీ 4సార్లు, మరణం ఒకటి. అడ్రినలిన్ చేతిలో పెట్టుకుని, కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున తొడ కండలో వేయడం తెలిసిన నర్సు ఉండి, సూది తర్వాత అరగంట కూర్చోబెడితే ఇది పీహెచ్‌సీలో చేయగల పనే. కవాటం బాగా చెడి ఆయాసపడుతున్న వాళ్లను మాత్రం వేరుగా చూడాలి. సూది వేసిన కాసేపటికే గుండె ఆగిన సందర్భాల్లో కొన్నిటికి కారణం అలర్జీ కాదు, బలహీనపడ్డ గుండే అని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో హెచ్చరించింది. అలాంటివాళ్లకు నోటి మాత్రలు మేలు.

చివరి కోరిక చిన్నది, ఖర్చు లేనిది. ప్రతి పిల్ల సూదుల కార్డు మీద, ఏ లక్షణాలు లెక్కలోకి తీసుకుని రుమాటిక్ జ్వరం అని తేల్చారో ఒక్క వరుస రాయించండి. 'కుడి మోకాలు, ఎడమ చీలమండ వాపు, జ్వరం 38.6, సీఆర్‌పీ లీటరుకు 64, ఏఎస్‌ఓ రెండుసార్లు, ఎకో మామూలు' అని ఉంటే, ఎనిమిదేళ్ల తర్వాత ఆ కార్డు చూసిన డాక్టరుకు సూదులు కొనసాగించాలో ఆపాలో తెలుస్తుంది. ఇప్పుడు చాలా కార్డుల మీద ఉండేది 'ఆర్‌హెచ్‌డీ' (రుమాటిక్ గుండెజబ్బు) అన్న మూడక్షరాలూ, తర్వాతి సూది తేదీ.

ఆ ఒక్క పేజీ ముసాయిదా మీరు అడిగిన వారంలో రాసిస్తాం.

ఇట్లు,
పిల్లల వైద్యం, గుండెజబ్బుల వైద్యం చూసే కొందరు డాక్టర్లం